శాకాహారుల ఇంట్లో సముద్రం

మా వదిన వసుమతి నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నేను ఒక్కసారే చూశాను. అప్పుడు కూడా చీర అడగలేదు, నగ అడగలేదు. అద్దాల తొట్టిలో ఉన్న ఇంత సముద్రాన్ని అడిగింది.

నా పేరు సత్యవతి. వసుమతి మా అన్న శ్రీనివాసులు భార్య, అంటే నేను ఆమెకు ఆడబిడ్డను. ఆడబిడ్డ అనగానే మీరేమనుకుంటారో నాకు తెలుసు. అందులో సగం నిజమే. తిరుత్తణిలో కాపురం చేస్తూ కూడా తిరువళ్ళూరు బజారు వీధిలోని పుట్టింటి వ్యవహారాలన్నిటిలో తల దూర్చేదాన్ని. ఏ చిన్న సాకు దొరికినా రైలెక్కి వచ్చి, మా అమ్మ వంటింట్లో కూర్చుని అందరికీ తీర్పులు చెప్పేదాన్ని. మా అన్నకు అక్కడ మళిగ అంగడి ఉండేది. ఉప్పు, పప్పు, చింతపండు, బెల్లం అమ్మే కొట్టును మా వైపు అలాగే అంటాం. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక సావిడి.

ఆ ఇంట్లో నేను అడిగి సాధించుకోనిది లేదు. చిన్నప్పుడు అన్నం మానేసి అడిగాను, పెళ్ళయ్యాక కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగాను. వదిన మాత్రం అలా కాదు. తామరైపాక్కం నుంచి కోడలుగా వచ్చిన నాటి నుంచి, నీకేం కావాలంటే ఏదైనా పరవాల్లేదు అనేది. చీరల మూట విప్పితే అందరూ ఏరుకోగా మిగిలింది తీసుకునేది. మామిడిపండు కోస్తే టెంక ఆమెది. అయితే ఏడుపుగొట్టు మనిషి అనుకునేరు. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ, చకచకా పని చేసుకుంటూ, మా అమ్మ చాటున అమ్మ నడకను అనుకరించి నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. అంత తెలివిగల మనిషి తనకంటూ ఏమీ అడగకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నోరు ఎందుకిచ్చాడమ్మా దేవుడు అని చాలాసార్లు తిట్టాను. నవ్వి ఊరుకునేది.

ఎనభై మూడో సంవత్సరం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. చుట్టాలింట్లో పెళ్ళి ఉంటే బట్టలకని నేనూ, అన్నా, వదినా మద్రాసు వెళ్ళాం. తిరుగు రైలుకు ఇంకా పొద్దుంది కనుక సెంట్రలు స్టేషను పక్కనే ఉన్న మూర్ మార్కెట్టులోకి తూనికరాళ్ళు చూద్దామని అన్న మమ్మల్ని లాక్కుపోయాడు. అక్కడ చిలకలూ, పావురాలూ, చేపలూ అమ్మే వరస ఉంది. ఆ వరసలో సుందరరాజ్ అనే ఆయన కొట్టు ముందు వదిన ఆగిపోయింది.

అది మామూలు చేపల తొట్టి కాదు. లోపల ఉన్నది సముద్రపు నీళ్ళు. రామేశ్వరం వైపు నుంచి వచ్చిన రాళ్ళట, వాటి మీద ఊదా రంగు మచ్చలు, చిన్న చిన్న గొట్టాల్లాంటి ప్రాణులు. ఒక రాతి మీద వేళ్ళన్నీ కదిలిస్తూ ఒక పువ్వు. అది పువ్వు కాదు, జంతువేనని సుందరరాజ్ చెప్పాడు. ఆ పువ్వు ఒడిలో రెండు నారింజరంగు చేపలు, ఒంటి మీద తెల్లటి పట్టీలతో, దూరిపోతూ బయటికొస్తూ ఆడుకుంటున్నాయి. అన్న పిలిచాడు, వదిన కదల్లేదు. నేను చెయ్యి పట్టి లాగాను, కదల్లేదు. అవతల మా రైలు వెళ్ళిపోయింది. అప్పుడు వదిన అన్న వైపు తిరిగి అంది.

“ఇది మన ఇంట్లో పెట్టుకుందామా?”

అన్న వెనక్కి తిరిగి చూశాడు, వేరే ఎవరైనా అన్నారేమోనని. తర్వాత, ఆలోచించే వ్యవధి కూడా తీసుకోకుండా సరేనన్నాడు. మా అన్న పిసినారి. చిటికెడు జీలకర్ర ఎక్కువ తూగితే తిరిగి తీసేసుకునే మనిషి. ఆయన నోటి నుంచి ఆ సరే ఎలా వచ్చిందో ఇంటికి పోయేదాకా ఆయనకే అంతుపట్టలేదు.

తొట్టి మా ఇంటికి ఉప్పు లారీలో వచ్చింది. అంగడికి ఉప్పు తెచ్చే డ్రైవరు పచ్చయ్యప్ప, ఉప్పుమళ్ళ పక్కనే సముద్రం కనుక, ప్లాస్టిక్ క్యాన్లలో నీళ్ళు కూడా నింపుకొచ్చాడు. అంగడిలో ఉప్పు మూటలు మూటలుగా ఉంటే, బావిలో నీళ్ళు నిండా ఉంటే, ఈ రెంటినీ కలిపితే వచ్చేదాన్ని లారీలో తేవడమెందుకని మా అమ్మ అడిగింది. వదిన ఓపిగ్గా చెప్పింది. అమ్మ నమ్మలేదు.

ఇక్కడ మా అమ్మ అలిమేలమ్మ గురించి చెప్పాలి. మేము శెట్లం, మాంసం ముట్టనివాళ్ళం. మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా మెల్లగా పలకాలి. అమ్మ మడి మరీ గట్టిది. తడిబట్టతో వంట, దేవుడికి నైవేద్యం, ఆ తర్వాతే ఎవరికైనా మెతుకు. నాన్న పోయాక కూడా ఇంటి పెత్తనం ఇసుమంతైనా తగ్గనివ్వలేదు. లోకంలో ఆమెకు పడని వస్తువు ఒకటుంది, అది పాచి. బావి గట్టు మీద పచ్చటి చారిక కనిపిస్తే చాలు, పనిమనిషి వళ్ళియమ్మకు ఆ రోజు మూడినట్టే. ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని అమ్మే కూర్చుని రాయి తెల్లబడేదాకా తోమేది. 

అలాంటి ఇంట్లోకి చేపలు వచ్చాయి. తినేదానికి కాదత్తా, చూసేదానికి అని వదిన బతిమాలింది. అమ్మ చాలాసేపు ముక్కు మీద వేలేసుకుని కూర్చుని చివరికి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. చేపలకైనా సరే, ముట్టకూడనిది గడప దాటి రాకూడదు. వాటికి పచ్చి రొయ్య సన్నగా తరిగి వెయ్యాలని సుందరరాజ్ చెప్పి ఉన్నాడు. వదిన ఆ మాట దాచకుండా చెప్పేసింది. అమ్మ కొట్టిపారేసింది. పచ్చయ్యప్ప బయట ఏం తింటాడో మనకు తెలుసు, మన ఇంటికొస్తే పప్పుచారు పోసుకుని తృప్తిగా తిని పోవడం లేదా, ఈ చేపలేమైనా అంతకంటే గొప్పవా అంది.

దాంతో మా ఇంటి సముద్రపు చేపలకు పప్పన్నం మొదలైంది. నైవేద్యం అయ్యాక అమ్మ స్వయంగా నెయ్యి వేసి, మెత్తగా పిసికి, తులసి ఆకంత ముద్దను వదిన చేతిలో పెట్టేది. శుక్రవారం చక్కెర పొంగలి. శనివారం పులిహోర కూడా పెడతానంటే వదిన ఎలాగో ఆపింది. చేపలు ఆ మెతుకును నోట్లోకి తీసుకుని వెంటనే బయటికి వదిలేసేవి. కొత్త ఇల్లు కదా, సిగ్గుపడుతున్నాయని అమ్మ వాటి తరఫున చెప్పేది. 

కొద్ది రోజులకే అడుగున ఇసుక మీద గోధుమరంగు పొర కట్టింది. కొత్త తొట్టికి అది మామూలేనని సుందరరాజ్ ముందే చెప్పాడు కాబట్టి వదిన కంగారు పడలేదు. తర్వాత అద్దాల మీద పచ్చ చుక్కలు మొదలయ్యాయి. ఆ తర్వాత రాళ్ళ మీద పచ్చటి వెంట్రుకలు మొలిచాయి. నేను ఉగాదికి చూసి మళ్ళీ వైకాసి నెలలో, అంటే వైశాఖంలో, వచ్చేసరికి ఊదా రంగు మచ్చలు లేవు, గొట్టాలు లేవు, తొట్టి అంతా జడలు విరబోసుకుని ఉంది. నీళ్ళ పైన నెయ్యి తెట్టె. సరుకులకు వచ్చినవాళ్ళు సావిడిలోకి తొంగిచూసి, శెట్టిగారు తొట్టిలో వరి నాటినారా అని అడిగి పోతున్నారు. అన్న సిగ్గుతో గల్లాపెట్టెను ఇటు వైపు నుంచి అటు వైపుకు మార్చుకుని, తొట్టికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

పాచి! అదీ నట్టింట్లో! అమ్మ కారాలు మిరియాలు నూరింది. ఒకనాడు ఎవరూ చూడకుండా ఒక రాయిని బయటికి తీసి, బావి దగ్గర చింతపండుతో, ఇటుకపొడితో మల్లెపువ్వులా తోమి మళ్ళీ లోపల పెట్టింది. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా ఆ రాయికే పాచి పట్టింది. అమ్మ దాన్ని సొంత అవమానంగా తీసుకుంది.

వదిన పడని పాట్లు లేవు. పాత బ్లేడుతో అద్దాలు గీకింది. ఎండ పడకుండా కిటికీకి గోనెపట్టా కట్టింది. ట్యూబులైటు ఆర్పేసింది. పచ్చయ్యప్పను బతిమాలి కొత్త నీళ్ళు తెప్పించి సగం మార్చింది. కరెంటు పోయి తొట్టిలోకి గాలి కొట్టే మర ఆగిపోతే, చేపలకు ఊపిరాడదని గ్లాసుతో నీళ్ళు పైకెత్తి, కాఫీ చల్లార్చినట్టు పైనుంచి పోస్తూ కూర్చునేది. ఆ పని చేస్తూ కూడా కూనిరాగం తీసేది. ఇంత చేసినా పాచి రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ కమ్ముకునేది. పప్పన్నం మాత్రం ఏ రోజూ ఆగలేదు.

చివరికి అమ్మ తీర్పు చెప్పేసింది. ఆడి నెల, అంటే ఆషాఢం, వస్తే పెరియపాళయం అమ్మవారికి మొక్కులున్న చుట్టాలందరూ మా ఇంట్లో దిగి బండ్లు కట్టించుకుని పోతారు. వాళ్ళ ముందు ఈ పాచి తొట్టి సావిడిలో ఉండకూడదు. అప్పటికి శుభ్రమైతే సరి, లేకపోతే వచ్చిన ఉప్పు లారీలోనే మద్రాసుకు తిరిగి పోవాలి. అన్న ఏదైనా అంటాడేమోనని చూశాను. ఆయన తూనికరాళ్ళు సర్దుకుంటున్నాడు.

ఆ పూట వదిన తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను. పాచిలోంచి వెతికితే ఆ నారింజ చేపలు కనిపించాయి. చిక్కిపోయి, పట్టీలు వెలిసిపోయి, పువ్వు ఒడిలోంచి బయటికే రావడం లేదు. పువ్వు కూడా ముడుచుకుపోయి ఉంది. పోతే పోనీ వదినా, అద్దాల పెట్టే కదా అన్నాను. నా మాట నాకే చప్పగా వినిపించింది.

“పెట్టె గురించి కాదు సత్యా,” అంది వదిన. “ఈ ఇంట్లో నేను అడిగి తెచ్చుకునింది ఇదొగటే. ఇది అట్ల పోయిందంటే, ఇంకెప్పుడూ ఏదీ అడిగేదానికి నాకు నోరు రాదు.”

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను ఏడిస్తే ఊరికే ఉండను, ఏదో ఒక కుట్ర చేస్తాను. తిరుత్తణిలో మా పక్కింటి ఆరోగ్యమేరి ఎండు రొయ్యల పొడి కొడుతుంది. కాఫీపొడి డబ్బాలో పోసి తెస్తాను, అమ్మకు వాసన తగలకుండా పైన రెండు చెంచాల కాఫీపొడి చల్లుతాను, నువ్వు చిటికెడు చిటికెడు వేస్తూ ఉండు అని చెవిలో చెప్పాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. 

వదిన ఒప్పుకోలేదు. “దొంగతనంగా తెచ్చి పెడితే అది నాదెట్ల అవుతాది? అందరి ముందరా అడిగినా. అందరి ముందరే నిలబెట్టుకోవల్ల.”

ఏదైనా పరవాల్లేదు అనే మనిషి ఇంత గట్టిగా ఒకటి కాదనడం నేను వినడం అదే మొదటిసారి. నాకు కోపం కూడా వచ్చింది, ముచ్చట కూడా వేసింది. మర్నాడు మేమిద్దరం కరెంటు రైలెక్కి సుందరరాజ్ దగ్గరికి పోయాం. మగతోడు లేకుండా వదిన మద్రాసు పోవడం అదే మొదలు. అమ్మతో చెప్పే వెళ్ళింది. 

సుందరరాజ్ అంతా విన్నాడు. పప్పన్నం దగ్గర కళ్ళు పెద్దవి చేశాడు. నెయ్యి దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. చక్కెర పొంగలి దగ్గర ఇంక ఆపుకోలేక పక్క కొట్టాయనను పిలిచి మళ్ళీ మొదటి నుంచి చెప్పించాడు. నవ్వులన్నీ అయ్యాక నెమ్మదిగా చెప్పాడు. తప్పు పాచిది కాదు. చేపలు తినని అన్నమంతా అడుగున కుళ్ళి దానికి ఎరువు అవుతోంది. గీకినన్నాళ్ళూ గీకుతూనే ఉండాలి. పప్పన్నం ఆపి రొయ్య వేస్తే చేపలు బతుకుతాయి, లేకపోతే రెండూ కలిసి చస్తాయి.

 అప్పుడు వదిన ఒక ప్రశ్న అడిగింది. సముద్రంలో అన్ని చేపలు ఉన్నాయి కదా, మాలాగా ముట్టనిది ఒక్కటైనా లేదా అంది. సుందరరాజ్ మళ్ళీ నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో రంగు అడిగినవాళ్ళు ఉన్నారు, సైజు అడిగినవాళ్ళు ఉన్నారు కానీ ఈ మాట ఎవరూ అడగలేదన్నాడు. లేచి, కొట్టు వెనక ఉన్న సిమెంటు తొట్టి దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయాడు.

అందులో మట్టిరంగు చేపలు రెండు ఉన్నాయి. ఒంటి నిండా బూడిద చుక్కలు, వీపు మీద ముళ్ళు, కుందేలు మూతి. చూడగానే కొనబుద్ధయ్యేలా లేవు. రెండూ గోడకు మూతి ఆనించి పాచిని కొరుక్కుని తింటున్నాయి, తల కూడా ఎత్తడం లేదు.

“దీన్ని ఒరా అంటారమ్మా,” అన్నాడు సుందరరాజ్ అరవంలో. “అసలు సిసలు శైవం, శాకాహారి. పాచి, ఆకు తప్ప వేరే ఏదీ అడగదు. ముల్లు మాత్రం విషం, చెయ్యి పెట్టొద్దు. అందంగా లేదని దీన్నెవరూ కొనరు.”

వదిన ముఖం వెలిగింది. అంతలోనే వాడిపోయింది కూడా. ఎందుకో నాకు అర్థమైంది. ఒరా చేపలు వస్తే పాచి పోతుంది, తొట్టి నిలుస్తుంది. కానీ ఆ నారింజ చేపలు మా ఇంట్లో ఏం తిని బతుకుతాయి? ఏ జతను చూసి రైలు పోగొట్టుకుందో ఆ జతను వదులుకోవాలి. వాటిని ఉంచుకుని ఎలాగో చూద్దామని నేను సణిగాను. మన ఇంట్లో పస్తు పెట్టి చూసుకోవడానికి అవేం బొమ్మలా అంది వదిన. ఆ మాటతో నా నోరు మూతపడింది.

పచ్చయ్యప్ప తర్వాతి సారి మద్రాసు పోయేటప్పుడు నారింజ చేపలూ, వాటి పువ్వూ నీళ్ళ డబ్బాలో కూర్చుని సుందరరాజ్ కొట్టుకు వెళ్ళిపోయాయి. వదిన లారీ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది. అదే డబ్బాలో ఒరా చేపలు వచ్చాయి. 

కొత్త చేపలు పూర్తిగా శాకాహారులంటే అమ్మ నమ్ముతుందా? చేప అన్నాక అదెట్ల అవుతుందంది. తొట్టి ముందు పీట వేసుకుని, జపమాల చేతిలో పెట్టుకుని, తప్పు చేస్తే పట్టుకుందామన్నట్టు కాపలా కూర్చుంది. ఒరా చేపలు దిగీ దిగగానే ఒక్క చుట్టు తిరిగి, అమ్మ తోమిన రాతి మీదికే పోయి పచ్చటి జడలు పీక్కుని తినడం మొదలుపెట్టాయి. అమ్మ జపం ఆగిపోయింది. పరీక్షకని వదిన చేత ఒక మెతుకు నెయ్యన్నం వేయించింది. అవి దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఇంక పప్పన్నం వద్దని ఆవిడే చెప్పింది.

మధ్యాహ్నం భోజనానికి అమ్మ లేవలేదు. వళ్ళియమ్మను పిలిచి, చూడవే, నేను ఇన్నేళ్ళుగా నీకు చెప్తున్న పని ఇవి ఎంత శ్రద్ధగా చేస్తున్నాయో చూసి నేర్చుకో అంది. రోజులు గడిచేకొద్దీ రాళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అద్దాలు తేటబడ్డాయి. చచ్చిపోయాయనుకున్న చిన్న గొట్టాలు కొన్ని మళ్ళీ తల బయటపెట్టాయి. మా అమ్మ ఆ చేపలకు గొప్ప దళారీ అయింది. బజారు వీధిలో ఎవరు కనిపించినా పిలిచి, మా ఇంట్లో ముట్టని చేపలు ఉన్నాయి, వచ్చి చూడండమ్మా అనేది. ఆడవాళ్ళు వచ్చి చూసి, చూసినందుకు అరశేరు పప్పో బెల్లమో కొనుక్కుని పోయేవారు. అన్న గల్లాపెట్టెను మళ్ళీ పాత చోటికి మార్చుకున్నాడు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. ఒకరోజు అమ్మ దగ్గర నుంచి కబురొస్తే తిరుత్తణి నుంచి పరుగెత్తుకొచ్చాను. ఏం ముంచుకొచ్చిందోనని గుండె చేత్తో పట్టుకుని ఇంట్లో అడుగు పెడితే, అమ్మ దిగులుగా కూర్చుని ఉంది. తొట్టిలో పాచి అయిపోయిందట. ఆ మూగజీవాలు ఏం తింటాయని ఆమె బెంగ. వదిన అప్పటికే పాలకూర ఉడికించి దారంతో రాయికి కట్టి పెడుతోంది. అవి తింటున్నాయి కూడా. కానీ అమ్మకు తృప్తి లేదు. పండగ పూటైనా వాటికి పాచి లేకపోతే ఎలా అంది.

మేడ మీద ఎండలో పాత ఇత్తడి గంగాళం పెడతానని అమ్మ అంటే, ఇత్తడి ఉప్పునీళ్ళకు పడదని వదిన ఆపి, వెడల్పాటి మట్టి తొట్లు రెండు తెప్పించింది. వాటిలో సముద్రపు నీళ్ళు పోసి, రాళ్ళు వేసి ఎండ తగిలేలా పెట్టారు. రోజూ స్నానం కాగానే అమ్మ మెట్లెక్కి పోయి పచ్చబడిందా లేదా అని చూసేది. అలవాటు కొద్దీ వళ్ళియమ్మ ఒకసారి పీచు తీసుకుని ఆ తొట్లను శుభ్రం చేయబోతే, అమ్మ వేసిన కేకకు పక్క మేడ మీది పావురాలు లేచిపోయాయి. జీవితమంతా పాచి మీద యుద్ధం చేసిన మనిషి పాచిని సాగు చేయడం నేను కళ్ళారా చూశాను. వదినా నేనూ వంటింట్లోకి పోయి, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఆడి నెల వచ్చింది. చుట్టాలు దిగారు, వేపాకు మండలు కట్టుకుని పెరియపాళయం పోయి మొక్కులు తీర్చుకుని వచ్చారు. ఇంటి నిండా పిల్లలు, విస్తళ్ళు, గోల. తొట్టి సావిడిలో అద్దంలా మెరుస్తూ నిలబడి ఉంది. అమ్మే అందరికీ చూపించి, మా కోడలు అడిగి తెప్పించుకుంది అని చెప్పింది. ఆ మాట ఆమె చెప్పుకున్న తీరు విని నేను వదిన ముఖం చూశాను. వదిన వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక్క క్షణం గరిటె ఆపింది. నారింజ చేపల కోసం ఆమె మనసులో ఒక వెలితి ఉందని నాకు తెలుసు. అవి మళ్ళీ రొయ్య తిని కోలుకున్నాయని పచ్చయ్యప్ప కబురు తెచ్చినప్పుడు, చాలు అంది.

చుట్టాలు వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయిన రోజు, అమ్మ అందరినీ సావిడిలోకి పిలిచింది. పీట మీద కూర్చుని ఉంది, చేతిలో జపమాల లేదు. ఒకటి చెప్పాలని ఉంది అంది. అన్న ముఖం పాలిపోయింది. వదిన తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. ఇన్ని రోజుల తర్వాత మళ్ళీ ఏం తీర్పు చెప్తుందోనని నేను పోట్లాటకు సిద్ధమై కొంగు బిగించాను.

“నేను సముద్రం సూడల్ల,” అంది అమ్మ.

సముద్రం చూడాలట! ఎవరికీ అర్థం కాలేదు. ఉన్న ఊరి నుంచి కరెంటు రైలెక్కితే మద్రాసు. అన్న వారానికోసారి సరుకుకు పోతాడు. నేను గాజులకూ రిబ్బన్లకూ ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. అమ్మ తిరుపతి చూసింది, కంచి చూసింది, మా తిరుత్తణి కొండ ఎక్కింది. సముద్రం మాత్రం చూడలేదట. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకుందామని ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకు అడగలేదమ్మా అన్నాడు అన్న.

“ఈ ఇంట్లో కొడుకు అడిగితే ఇస్తారు, కూతురు అడిగితే ఇస్తారు. అది సూస్తానే ఉండా,” అంది అమ్మ నన్ను చూపించి. “కోడలు అడిగినా ఇస్తారని నాకు తెలీదురా. నేనూ ఈ ఇంటికి కోడలిగానే వస్తి.”

అన్న తల వంచుకున్నాడు. పోట్లాటకు బిగించిన కొంగును నేను మెల్లగా వదులు చేసుకున్నాను. వదిన తొట్టి దగ్గర నుంచి వచ్చి, అమ్మ పీట పక్కన కూర్చుంది. మడి అని కూడా చూడకుండా ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మ విడిపించుకోలేదు.

మర్నాడే బయల్దేరాం. అమ్మ మడి చీర కట్టుకుని, కూజాలో బావినీళ్ళు, మూటలో పులిహోర పెట్టుకుని రైలెక్కింది. మెరీనాలో ఇసుక మీద కొంతదూరం నడిచి ఆగింది.  కెరటం వచ్చి పాదాలు తడిపితే కొడుకును కాదు, కోడలి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఇంత నీళ్ళకు పాచి ఎవరు తీస్తారో పాపం అని మొదటి మాట అంది. మేమందరం నవ్వాం, అమ్మ కూడా నవ్వింది. అన్న వేరుశనక్కాయలు కొనడానికి పోయాడు. మేము ముగ్గురం తడి ఇసుక అంచున కూర్చున్నాం.

“వసుమతీ,” అంది అమ్మ, కళ్ళు నీళ్ళ మీద నుంచి తిప్పకుండానే. “ఇంగా ఏమన్నా అడగాలని ఉండిందా నీకు, ఇన్నాళ్ళూ?”

 వదిన ఏదైనా పరవాల్లేదు అంటుందేమోనని నేను భయపడ్డాను.

“ఉండాయత్తా,” అంది. “శానా ఉండాయి.”

అమ్మ ఇసుకలో సర్దుకుని కూర్చుని, చీర కుచ్చిళ్ళు ఒళ్ళోకి దగ్గరికి తీసుకుంది.

“అట్లయితే ఒగొగటే చెప్పు,” అంది. “రైలుకు ఇంగా శానా పొద్దుండాది.”